ఇరవయ్యో ఫైలు

ఎదురుపడితే అందరూ మేడమ్ అనేవాళ్లు. వెనకాల మాత్రం ఆవిడ పేరు రూల్సు మేడమ్. ఆ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసేవాళ్ల కాగితం ఏదైనా సరే ఆవిడ సెక్షన్ దాటుకునే పోవాలి. కిటికీ దగ్గరకొచ్చి ఎవరేం అడిగినా కళ్లజోడు ముక్కు కొసకి దించి, "రూలు ఒప్పుకోదండీ" అనేది. రూలు ఒప్పుకుంటే ఆ సంగతీ అంతే నిక్కచ్చిగా చెప్పేది. డీన్ మేనల్లుడైనా, తోటమాలి కూతురైనా ఒకటే కొలత. పాతికేళ్ల సర్వీసులో తను సంతకం పెట్టిన కాగితం ఒక్కటీ వెనక్కి రాలేదని ఆవిడకి పట్టరాని గొప్ప. ఆ గొప్పని కాదనడానికి ఎవరికీ సందు దొరకలేదు.

ఇదివరకు ఏ డిపార్ట్‌మెంటు పరిశోధకుల్ని ఆ డిపార్ట్‌మెంటే చూసుకునేది. ఐదేళ్ల కిందట అందర్నీ ఒక్క చోట చేర్చి గ్రాడ్యుయేట్ స్కూల్ అని పెట్టారు. అడ్మిషన్లు, గైడ్ల కేటాయింపు, ఆర్నెల్లకోసారి కమిటీ ముందు రిపోర్టు, థీసిస్ దిద్దే ఎగ్జామినర్ల ఎంపిక, ఆఖర్న వైవా, అన్నీ ఒకే కప్పు కిందికి వచ్చాయి. ఇక పనులు చకచకా అయిపోతాయన్నారు. తీరా అయిందేమిటంటే, ఇరవై గదుల్లో పేరుకునే కాగితాలు ఒక్క గదిలో పేరుకున్నాయి. ఆ గది రూల్సు మేడమ్‌ది. దాని పై అంతస్తులో డీన్‌గారి గది. ఇప్పటి డీన్‌గారు వచ్చి ఏడాదిన్నర అయింది.

ఒక సోమవారం పొద్దున్నే ఆయన కబురు పెట్టారు.

"వచ్చే నెల ర్యాంకులిచ్చేవాళ్లు వస్తున్నారు మేడమ్. ఒక్కో పీహెచ్‌డీకి సగటున ఎన్నేళ్లు పడుతోందని అడుగుతారు. మనది ఏడు దాటింది. తల ఎక్కడ పెట్టుకోవాలి?"

"నిజమే సార్."

"ఆరేళ్లు దాటినవాళ్లు నలభై ఒక్కమంది తేలారు. వాళ్ల పేర్లు తీసేస్తే సగటు దానంతటదే దిగుతుంది. శుక్రవారం కౌన్సిల్లో పెడుతున్నా. ఈలోగా ఉత్తరాలు రెడీ చేసేయండి."

ఆవిడ సరేనంది. అందులో ఆవిడకి తప్పేమీ కనబడలేదు. ఆరేళ్లని రూలు పుస్తకంలో ఉంది. ఉన్నది అమలు చేయడమే కదా ఉద్యోగం.

సెక్షన్లో ఆవిడతో పాటు ఒక టైపిస్టు ఉన్నాడు. ఆవిడకంటే రెండేళ్లు పెద్దవాడు, ఆవిడ అతన్ని అన్నయ్యగారూ అంటుంది. "ఉత్తరం ఒకటే కదమ్మా, పేర్లు మార్చుకుంటూ పోతే మధ్యాహ్నానికి అయిపోతుంది" అన్నాడతను, కుర్చీ ముందుకి లాక్కుంటూ.

"ఫైలు విప్పకుండా నేను సంతకం పెట్టను, మీకు తెలీదా?" అంటూ ఆవిడ బీరువా తాళం తీసింది.

మొదటి ఫైలు గబ్బిలాల మీద పనిచేసిన అబ్బాయిది. ఏడేళ్లయింది. థీసిస్ ఎప్పుడో ఇచ్చేశాడు. దాన్ని దిద్దమని యూనివర్సిటీ ఒక పెద్ద ప్రొఫెసరుకి పంపింది. ఆయన పోయి అప్పటికి ఏడాది. పార్సిల్ తిరిగొచ్చింది. తిరిగొచ్చిన పార్సిల్ డీన్‌గారి ఆఫీసులో కిటికీ గూట్లో తొమ్మిది నెలలు కూర్చుంది. దాని మీద ఎవరో టీ గ్లాసు పెట్టుకున్న గుండ్రటి మరకలు కూడా ఉన్నాయి. మనిషి పోయాడని చెబుతూ వాళ్లావిడ రాసిన చీటీ కవరుకి అంటించే ఉంది.

రెండోది పాత శాసనాలు చదివే అమ్మాయిది. ఆమె కమిటీలో ముగ్గురు సభ్యులుండాలి. ఒకాయన ఏడాది సెలవు మీద వెళ్లాడు. ఆయన చోట ఇంకొకర్ని వేయమని ఆ అమ్మాయి మూడుసార్లు రాసింది. ఎవరూ వేయలేదు. కమిటీ లేదు కాబట్టి రిపోర్టు తీసుకోలేదు. రిపోర్టు ఇవ్వలేదు కాబట్టి సంజాయిషీ చెప్పుకోమని ఆ అమ్మాయికే నోటీసిచ్చారు.

మూడో ఫైల్లో ఎగ్జామినర్ల ప్యానెల్ ఉంది. గైడ్ ఆరుగురి పేర్లు రాసి పంపితే డీన్‌గారు అందులో ఇద్దరి పక్కన టిక్కు పెట్టాలి. అంతే ఆయన పని. కాగితం పైకి వెళ్లి పదకొండు నెలలయింది. టిక్కుల్లేవు. నాలుగోదీ అంతే. ఐదోదీ అంతే.

ఆవిడ రూలు పుస్తకం తీసింది. పద్నాలుగో రూలు. ఆరేళ్లలో చదువు పూర్తికానివాళ్ల పేరు తొలగించవచ్చు, ఇది మొదటి భాగం. యూనివర్సిటీ వల్ల జరిగిన ఆలస్యాన్ని ఆ ఆరేళ్లలో కలపరాదు, ఇది రెండో భాగం. అక్షరం అక్షరం అలాగే ఉంది. ఆవిడ తెల్లకాగితం మీద గీతలు గీసుకుని తేదీలు వేయడం మొదలుపెట్టింది. ఏ కాగితం ఎవరి గదిలోకి ఎప్పుడెళ్లింది, ఎప్పుడు బయటికొచ్చింది, మధ్యలో ఎన్నాళ్లు.

మంగళవారం మధ్యాహ్నానికి లెక్క తేలింది. నలభై ఒక్కమందిలో పందొమ్మిది మంది ఆరేళ్లు దాటనే లేదు. వాళ్ల వయసుని యూనివర్సిటీ మింగేసింది. మింగి, ఇప్పుడు ఇంతసేపు ఏం చేస్తున్నావని వాళ్లనే అడుగుతోంది. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అన్నయ్యగారూ, రెండు టిక్కులు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"పెన్ను మూత తీసే టైము కలుపుకోవాలా?" అన్నాడు టైపిస్టు.

ఆవిడకి నవ్వు రాలేదు. కాగితం పట్టుకుని పైకెళ్లింది.

డీన్‌గారు కాగితాన్ని పైనుంచి కింద దాకా చూశారు. చదవలేదు, చూశారంతే.

"నేనడిగింది ఉత్తరాలు మేడమ్. మీ పరిశోధన కాదు."

"రూలు పద్నాలుగు, రెండో భాగం సార్. వీళ్ల పేర్లు తీస్తే రూలు తప్పినట్టే."

"ఇవన్నీ డిపార్ట్‌మెంట్ల నిర్వాకాలు. వాటిని మన నెత్తికెత్తుకుంటారా?"

"పన్నెండు ప్యానెళ్లు ఈ గదిలోనే ఉన్నాయి సార్. ఆ పక్క ట్రేలో, నీలం ఫైళ్ల కింద."

ఆయన అటు చూడలేదు. కాసేపు పేపర్‌వెయిట్ తిప్పారు. తర్వాత గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అన్నారు. "ఆలస్యాల చిట్టా విప్పితే ఒక్క పై అంతస్తుతో ఆగదు మేడమ్. ఉప్పు నేలల మీద పనిచేసిన అమ్మాయి ఉంది చూడండి, నాకు నాలుగు అర్జీలు పెట్టుకుంది. ఆమె ఫైలు అట్ట మీద తేదీలు ఓసారి చూసి రండి. ఆ తర్వాత మాట్లాడదాం."

ఆవిడ మెట్లు దిగుతూ తిట్టుకుంటూనే ఉంది. తన సెక్షన్ మీద వేలెత్తి చూపించడమా! ఆ అమ్మాయిని ఆఫీసులో అందరూ ఉప్పమ్మాయి అనేవాళ్లు. సముద్రం పోటెక్కి ఉప్పుబారిన పొలాల్లో మట్టి తవ్వుకొచ్చి, ఆ ఉప్పుని తట్టుకునే గడ్డి ఏదని చూడటం ఆమె పని. రిజిస్టరై ఎనిమిదేళ్ల రెండు నెలలు. ప్యానెల్ దగ్గర పోయిన పదకొండు నెలలు తీసేసినా ఏడు దాటుతుందని, ఆ ఫైలుని పొద్దున్నే పక్కన పెట్టేసింది ఆవిడ. మిగతా ఇరవై ఒక్క ఫైళ్లతో పాటు, ఇక చేసేదేమీ లేదన్న దొంతరలో.

ఇప్పుడు తీసి అట్ట చూసింది. సెక్షన్లోకి వచ్చిన తేదీ, దాని పక్కన తన పొట్టి సంతకం. సెక్షన్ నుంచి బయటికెళ్లిన తేదీ, దాని పక్కనా తన పొట్టి సంతకమే. రెండిటికీ మధ్య నాలుగు నెలలు.

ఒక్క క్షణం ఏమీ గుర్తు రాలేదు. తర్వాత మొత్తం గుర్తొచ్చింది. ముఖం మీద వేడినీళ్లు కొట్టినట్టయింది.

మూడేళ్ల ఎనిమిది నెలల కిందటి మాట. ఉప్పమ్మాయి సినాప్సిస్, అంటే థీసిస్‌కి ముందిచ్చే సారాంశం, కాగితాలు ఇచ్చింది. వాటిని కమిటీకి పంపాలి. ఆ వారం పని ఎక్కువగా ఉంది. ఆ అమ్మాయి వారంలో మూడుసార్లు వచ్చి, మా గైడ్‌గారు త్వరలో రిటైరైపోతారు, కాస్త చూడండి మేడమ్ అంది. మూడోసారి కిటికీ ముందు పది మంది నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందూ అంది కదా: "చదువు విలువ తెలిసినవాళ్లయితే ఆ కుర్చీలో కూర్చుని ఇలా చేయరు."

ఆ మాట వెళ్లి తగలరాని చోట తగిలింది. ఆవిడకి ఇరవై రెండేళ్లప్పుడు ఇదే యూనివర్సిటీలో ఎమ్మే సీటు వచ్చింది. నాన్న మంచాన పడితే సీటు వదులుకుని ఇదే బిల్డింగులో గుమాస్తాగా చేరింది. అప్పటినుంచీ పరాయివాళ్ల చదువుల కాగితాలకి సీళ్లు వేస్తోంది. ఆ సంగతి ఆ అమ్మాయికి తెలిసే వీల్లేదు. తెలియకపోయినా మాట మాటే. ఆ సాయంత్రం ఆవిడ ఆ ఫైలుని తీసి బీరువా అడుగు అరలో, పాత హాజరు పట్టీల కింద పెట్టింది. కొన్నాళ్లు తిరగనీ అనుకుంది. నిజంగానే ఈ మాటలే అనుకుంది.

ఆ తర్వాత మరిచిపోయింది. బీరువా సర్దినప్పుడు ఫైలు బయటపడితే దులిపి, తేదీ వేసి పంపించేసింది. అప్పటికి గైడ్ రిటైరై మూడు వారాలు. రిటైరైనవాళ్లు గైడ్‌గా ఉండటానికి రూలు ఒప్పుకోదు. కొత్త గైడ్ దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ కొత్తాయన ఒక అధ్యాయం మళ్లీ రాయమన్నాడు.

ఇంకా ఒకటుంది. పిల్లలకి ఆరేళ్లని గడువు పెట్టిన పుస్తకంలో, సెక్షన్లో ఫైలు ఎన్నాళ్లుండచ్చో ఎక్కడా లేదు. డీన్‌గారి టేబులు మీద ఎన్నాళ్లుండచ్చో లేదు. ఆవిడ పుస్తకాన్ని అట్టనుంచి అట్టదాకా తిరగేసింది. పరిగెత్తేవాడికి గడియారం పెట్టారు గానీ తలుపు మూసి కూర్చున్నవాడికి పెట్టలేదు. ఇన్నేళ్లూ నెత్తిన పెట్టుకు మోసిన పుస్తకం ఇదా అనిపించి దాన్ని టేబులు మీద విసిరికొట్టింది. టైపిస్టు ఉలిక్కిపడి, మంచినీళ్ల సీసా ముందుకి జరిపాడు.

ఇంట్లో ఆవిడా, వాళ్లక్కా, ఇద్దరే. అక్క పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. డాక్టర్లని నిలబెట్టి కడిగేసిన మనిషి. సాయంత్రం అక్క మంచం మీద బట్టలు మడతపెడుతుంటే, ఆవిడ గోడకానుకుని కూర్చుని మొత్తం చెప్పింది. డీన్ గురించి చెప్పేటప్పుడు గొంతు ఖంగుమంది. అడుగు అర సంగతి మాత్రం నేలవైపు చూస్తూ చెప్పింది.

"వాడు బెదిరించాడని ఏడుస్తున్నావా, చేసిన పనికి ఏడుస్తున్నావా?" అంది అక్క.

"ఏడవట్లేదు. ఒళ్లు మండిపోతోంది."

"ఎవరి మీద?"

ఆవిడ మంచం మీది తువ్వాలు ఒకటి తీసి మడతపెట్టసాగింది.

"నీ సంగతి ఒక్కటీ రాయకుండా నోరు మూసుకుంటే ఏమవుతుంది?"

"పందొమ్మిది మంది నిలబడతారు. ఆ అమ్మాయి పోతుంది. నా నాలుగు నెలలూ, వాటివల్ల పోయిన ఏడాదిన్నరా లెక్కలోకి వస్తేనే ఆమెకి ఐదేళ్ల ఐదు నెలలు. రాకపోతే ఏడు దాటినట్టే."

అక్క చేతిలో దుప్పటి పక్కన పడేసింది. "మా వార్డులో ఒకదానికి బదులు ఇంకో మందు ఇచ్చేశామనుకో, ముందు చేసేది ఛార్టులో రాయడం. మన పరువుకోసం కాదే. రాయకపోతే డ్యూటీ మారాక వచ్చే నర్సు దాని మీద ఇంకో డోసు ఇస్తుంది. మంచం మీదున్నవాడు చస్తాడు. రాసి, సంతకం పెట్టి, ఆ తర్వాత తిట్లు తినేవాళ్లం. నేనూ తిన్నాను."

"నువ్వు కావాలని చేయలేదుగా."

"నువ్వు కావాలని చేశావుగా. అయితే ఇంకా పెద్ద అక్షరాలతో రాయి." అక్క లేచి దుప్పట్లు బీరువాలో పెట్టుకుంది. ఓదార్చే రకం కాదు ఆవిడ. చెల్లెలికి ఆ పూట అక్క మీద కూడా కోపం వచ్చింది.

బుధవారం పదకొండింటికి ఉప్పమ్మాయే వచ్చింది. ముప్ఫై ఆరేళ్ల మనిషి, చేతిలో హాజరు పుస్తకం. ఇదే యూనివర్సిటీలో మొదటేడు పిల్లలకి గంటల లెక్కన పాఠాలు చెబుతోంది. పేర్లు తీసేస్తున్నారన్న పుకారు స్టాఫ్ రూముల దాకా పాకింది.

"నా పేరుందా మేడమ్?"

"లోపలికి రా. కూర్చో."

"కూర్చోమంటున్నారంటే ఉందన్నమాట." ఆమె కూర్చోలేదు.

ఆవిడ ఫైలు అట్ట ఆమెవైపు తిప్పింది. రెండు తేదీల మీదా వేలు పెట్టి చూపించింది. "ఈ నాలుగు నెలలూ నీ ఫైలు నా బీరువాలో ఉంది. పని ఎక్కువై కాదు. నువ్వన్న మాటకి కోపమొచ్చి, కావాలనే పెట్టాను. అందువల్లే నీ గైడ్ చేజారిపోయాడు."

ఉప్పమ్మాయి అట్టవైపే చూస్తూ ఉండిపోయింది. టైపిస్టు టైపు చేయడం ఆపేశాడు.

"ఏ మాటకి?" అంది చివరికి.

"చదువు విలువ..."

"నాకు గుర్తు కూడా లేదు." ఆమె హాజరు పుస్తకాన్ని బల్ల మీద పడేసింది. "నేనన్నట్టే గుర్తులేదు. మీకు తెలుసా, నేల పరిశోధన కేంద్రంలో నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఏడాదిలోగా పట్టా తెచ్చివ్వమన్నారు. ఇంకో ఆర్నెల్లు ఆగమని బతిమాలాను. ఆ తర్వాత వాళ్లూ ఏం చేస్తారు, వేరేవాళ్లని తీసుకున్నారు. మా పాపని స్కూల్లో అమ్మ ఏం చేస్తుందో రాయమన్నారట. సంతకాల కోసం తిరుగుతుంది అని రాసింది. టీచరు నవ్వుకుని నాకు చూపించింది. నేనూ నవ్వాను. నా ఖర్మ, నా గైడ్ ఖర్మ అనుకున్నాను ఇన్నాళ్లూ. మీరా?"

"నేనే."

"ఇప్పుడు చెప్పి ఏం చేద్దామని? క్షమించమంటారా?"

"అడగను."

"అడిగినా క్షమించను. మీ రూళ్లన్నీ మామీదేనా మేడమ్? ఒక్కరోజు ఆలస్యమైతే ఫైన్ కట్టమనేవారు. అక్షరం తప్పుంటే ఫారం మొత్తం మళ్లీ రాయించేవారు. మీరు మాత్రం కోపమొచ్చిందని మనిషి బతుకుని తీసి అడుగు అరలో పెట్టేస్తారు!" వరండాలో వెళ్లేవాళ్లు ఆగి తొంగిచూశారు. ఆమె లక్ష్యపెట్టలేదు. "నాతో చెబితే సరిపోదు. రాసివ్వండి. సంతకం పెట్టి."

"రాస్తాను. నీకు కాదు. ఫైల్లో రాస్తాను."

రాసింది. గురువారం పొద్దున్న నోటు తయారైంది. ఇరవై పేర్లు, తేదీలు, ఏ ఆలస్యం ఎవరిదో వాళ్ల హోదాతో సహా. ఇరవయ్యో పేరు కింద ఇలా ఉంది: ఈ నాలుగు నెలలూ ఫైలు నా వద్ద ఉంది. ఆపడానికి ఆఫీసు కారణమేదీ లేదు. బాధ్యత నాది. పేజీ నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి పైకి పంపింది. టైపు చేసేటప్పుడు టైపిస్టు ఆ వాక్యం దగ్గర ఆగి, "అమ్మా, 'పొరపాటున' అని చేర్చనా?" అన్నాడు. "పొరపాటు కాదు కదా అన్నయ్యగారూ" అందావిడ.

గంటలో డీన్‌గారు పిలిచారు. ఈసారి కూర్చోమనలేదు.

"ఈ కాగితం తీసేసి వేరేది పెట్టండి. ఆరేళ్లు దాటినవాళ్ల జాబితా జతచేయడమైనది అని. ఒక్క వాక్యం చాలు."

"పేజీ నంబరు వేసేశాను సార్, రిజిస్టర్లోనూ ఎక్కింది."

"మీ చేతులతో మీ మెడకి ఉరి బిగించుకుంటున్నారు. ఆలోచించారా?"

"మెడ నాదే కదా సార్."

ఆయన ఫైలు మూసి తన సొరుగులో పెట్టుకున్నారు.

శుక్రవారం కౌన్సిల్. పొడుగాటి బల్ల చుట్టూ ప్రొఫెసర్లు, మధ్యలో వైస్ ఛాన్సలర్. గోడవార కుర్చీల్లో సెక్షన్లవాళ్లు ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. ఎవరైనా కాగితం అడిగితే అందించాలి. మాట్లాడే హక్కు బల్ల చుట్టూ ఉన్నవాళ్లకే. పాతికేళ్లలో రూల్సు మేడమ్ ఆ గోడవార ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

ఏడో అంశం వచ్చింది. డీన్‌గారు చదివారు. నలభై ఒక్కమంది, గడువు దాటినవారు, నిబంధనల మేరకు తొలగింపు. నోటు ఊసే లేదు. వైస్ ఛాన్సలర్‌గారు చుట్టూ చూసి, "అభ్యంతరాలేమీ లేవుగా" అంటూ అప్పుడే పేజీ తిప్పబోయారు. ఒక ప్రొఫెసరుగారు బిస్కెట్ల పళ్లెం పక్కాయనకి జరుపుతున్నారు. నలభై ఒక్కమంది బతుకులు బిస్కెట్ల పళ్లెం బల్ల దాటేలోపు అయిపోతున్నాయి. అది చూసేసరికి ఆవిడ ఒళ్లో కాగితం నలిగింది. ఎప్పుడు లేచి నిలబడిందో ఆవిడకే తెలీదు.

"రూలు పద్నాలుగు రెండో భాగం చదవలేదు సార్."

బల్ల చుట్టూ తలలన్నీ తిరిగాయి. "మీరు కూర్చోండి మేడమ్" అన్నారు డీన్‌గారు.

"కూర్చోను సార్. ఇందులో ఇరవై మంది గడువు దాటలేదు. నేను రాసిన నోటు మీ సొరుగులో ఉంది. అది ఈ బల్ల మీదకి రాలేదు కాబట్టి నోటితో చెబుతున్నాను."

"ఇదేం పద్ధతి?" అన్నారెవరో.

"పద్ధతి ప్రకారం రాసిందే ఇక్కడికి రాలేదండీ."

తన దగ్గరున్న తేదీల కాగితం విప్పి చదవడం మొదలుపెట్టింది. గబ్బిలాల అబ్బాయి, పోయినాయనకి పంపిన థీసిస్, కిటికీ గూట్లో తొమ్మిది నెలలు. శాసనాల అమ్మాయి, లేని కమిటీకి ఇవ్వని రిపోర్టు. ఆ తర్వాత ప్యానెళ్లు, ఒకదాని తర్వాత ఒకటి. "పదకొండు నెలలు, డీన్ ఆఫీసు. పది నెలలు, డీన్ ఆఫీసు. పదకొండు నెలలు, డీన్ ఆఫీసు." ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆవిడ గొంతు రానురానూ ఖంగుమంది. పందొమ్మిది అయ్యాక ఊపిరి పీల్చుకుంది.

"ఇరవయ్యో ఫైలు. నాలుగు నెలలు, నా ఆఫీసు."

"అంటే మీ సెక్షన్లో ఎవరు?" అని అడిగారు చివర్న కూర్చున్న ఒక ముసలి ప్రొఫెసరుగారు.

"నేను. కోపంతో ఆపాను. ఆ నాలుగు నెలల్లో ఆమె గైడ్ రిటైరయ్యారు. దానికి నా మీద ఏం తీసుకుంటారో తీసుకోండి. ఆమె పేరు మాత్రం తీయడానికి వీల్లేదు. రూలు ఒప్పుకోదు."

ముసలి ప్రొఫెసరుగారు డీన్‌గారి వైపు తిరిగి, "ఆ నోటు తెప్పించండి, ఇక్కడే చూద్దాం" అన్నారు. నోటు వచ్చింది. చేతులు మారింది. అరగంట వాదించుకున్నారు. చివరికి ఇరవై పేర్లు జాబితాలోంచి తీశారు.

మిగతా ఇరవై ఒకటీ పోయాయి. వాళ్లలో కాన్పులకి ఆగినవాళ్లున్నారు, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు లైబ్రరీకొచ్చేవాళ్లున్నారు, గైడ్ ఇంట్లో పెళ్లి పనులు చేసిపెట్టి అలిసిపోయినవాళ్లూ ఉన్నారు. అవి యూనివర్సిటీ వల్ల జరిగిన ఆలస్యాలని చూపించే కాగితం ఏ ఫైల్లోనూ లేదు. ఆ ఉత్తరాల మీద ఆవిడే సంతకం పెట్టాల్సి వచ్చింది.

పది రోజుల్లో ఆవిడకి మెమో వచ్చింది, దాని వెనకే బదిలీ. క్యాంపస్ చివర హాస్టళ్ల స్టోరు. పరుపులు, బకెట్లు, ట్యూబులైట్లు. డీన్‌గారికి ఏమీ కాలేదు. ర్యాంకులవాళ్లు వచ్చినప్పుడు ఆయన, ఆలస్యాలని మేమే వెతికి పట్టుకుని సరిదిద్దుకునే పద్ధతి మాది అని చెప్పారట. ఆ మాట టైపిస్టు ఫోన్లో చెబితే ఆవిడ ట్యూబులైట్ల పెట్టెని కాలితో తన్నింది. రెండు పగిలాయి. విరిగిన వస్తువుల పుస్తకంలో కారణం దగ్గర తన పేరే రాసుకుంది.

ఐతే పై అంతస్తులో పన్నెండు ప్యానెళ్ల మీదా ఒకే రోజున టిక్కులు పడ్డాయి. ఉప్పమ్మాయి థీసిస్ ఎగ్జామినర్లకి వెళ్లింది. నాలుగు నెలలకి వైవా అయింది. గంటన్నర అడిగారని, దేనికీ తడబడలేదని టైపిస్టు చెప్పాడు. ఆవిడని ఎవరూ పిలవలేదు. పిలుస్తారని ఆవిడా అనుకోలేదు.

ఆ తర్వాతి వారం ఒక మధ్యాహ్నం ఉప్పమ్మాయి హాస్టల్ స్టోరు వెతుక్కుంటూ వచ్చింది. పరుపుల దొంతరల మధ్య నిలబడి, పలకరింపూ గిలకరింపూ లేకుండా మొదలుపెట్టింది.

"మీ మీద నా కోపం పోలేదు."

"పోనక్కర్లేదు."

"పోయిందనుకుంటారేమోనని చెబుతున్నా. ఆ ఇరవై ఒక్కమందిలో ఏడుగుర్ని కలిశాను. ఇద్దరికి కమిటీ ఎప్పుడూ కూర్చోలేదట. కూర్చున్నట్టు ఫైల్లో సంతకాలున్నాయట. మరి అది ఎవరి ఆలస్యం?"

రూల్సు మేడమ్ చేతిలో రిజిస్టరు పక్కన పెట్టింది. "ఎవరు చెప్పారు నీకు?"

"వాళ్లే. కానీ రుజువు లేదు. ఆ కాగితాలు ఎలా బయటికి తీయాలి?"

"నకళ్ల కోసం అర్జీ పెట్టాలి. ఊరికే ఫైలు కావాలంటే ఇవ్వరు. కమిటీ హాజరు పట్టీ కావాలని అడగాలి, తేదీలు వేసి. ఆ రోజు ఆ సభ్యులు సెలవులో ఉన్నారేమో, సెలవు రిజిస్టరు నకలు కూడా అడగాలి. కుర్చీ లాక్కో. కాగితం ఉందా?"

ఉప్పమ్మాయి సంచీలోంచి కాగితం తీసింది. కుర్చీ లేదు, పరుపు మీదే కూర్చుంది. "అయ్యా, దయచేసి..." అంటూ రాయబోతుంటే ఆవిడ చటుక్కున అడ్డుపడింది.

"దయ ఎందుకు? కొట్టెయ్. పద్నాలుగో రూలు ప్రకారం అని మొదలుపెట్టు."

"మర్యాదగా ఉండదేమో."

"ఇన్నేళ్లు మర్యాదగా రాసి ఏం బావుకున్నావు?"

"మీరలా అరిస్తే నేను రాయను."

"అరవట్లేదు. నా గొంతే అంత. రాయి."

ఉప్పమ్మాయి పళ్లు బిగించి, 'దయచేసి' కొట్టేసి, మొదటి వాక్యం మళ్లీ మొదలుపెట్టింది.